పదిలో ఏడు

నిన్న సాయంత్రం ఇక్కడ టెక్సస్‌లో, ఇర్వింగ్‌లోని మా ఇండియన్ స్టోర్ ముందు కారు డిక్కీ తెరవగానే గుప్పున ఒక వాసన కొట్టింది. తడిసిన కాన్వాసు, ఆరని బురద, కుక్క ఒంటి తడి, అన్నీ కలిసిన వాసన. మధ్యాహ్నం వాన దంచికొట్టింది, డిక్కీ రబ్బరు ఎక్కడో ఊడి నీళ్ళు లోపలికి దిగాయి. మూల సంచిలో ఉన్న డమ్మీలు పదీ నానిపోయాయి. బియ్యం బస్తా స్టోరు తోపుడుబండిలోనే వదిలేసి, నేను ఆ సంచి మీదికి వంగి కాసేపు అలాగే నిలబడ్డాను. పక్క కారులోకి సామాన్లు సర్దుకుంటున్న ఒకావిడ ఏదైనా కుళ్ళిందా అన్నట్టు నా వైపు చూసింది. ఆమె తప్పు లేదు, అది మంచి వాసన అని ఎవరూ అనరు. డమ్మీ అంటే ముంజేతంత పొడవున్న కాన్వాసు గొట్టం. ఒక కొసకు తాడుంటుంది. బాతుల వేటకు కుక్కను తయారు చేసేటప్పుడు బాతుకు బదులుగా దీన్ని విసురుతారు. నాకు వేట రాదు. జీవితంలో నేను పేల్చింది ఉత్త శబ్దం చేసే పిస్తోలు ఒక్కటే. అయినా ఈ పదింటినీ ఇన్నేళ్ళుగా ఎందుకు మోసుకు తిరుగుతున్నానో చెప్పాలంటే మల్లేశం గారి గురించి చెప్పాలి.

ఆయన నా మేనేజరు. లాస్ కొలినాస్ ఆఫీసులో మా టెస్టింగ్ టీమ్ అంతా ఆయన కిందే ఉండేది. జగిత్యాల దగ్గరి మనిషి, అప్పటికే అమెరికాలో ముప్ఫై ఏళ్ళు గడిపినా తెలుగు మాట్లాడితే నిన్ననే బస్సు దిగినట్టుండేది. నాకు ఇరవై ఏడేళ్ళు. గుంటూరు నోరు, పైగా నా పని మీద నాకు మహా గర్వం. ఒకరోజు క్లయింటు దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది, రిలీజ్‌లో తప్పు మా వాళ్ళదేనని. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు వాళ్ళదేనంటూ స్క్రీన్‌షాట్లతో సహా అందరికీ జవాబు కొట్టేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. రెండు గంటల తర్వాత తేలిందేమిటంటే తప్పు మాదే, అందులోనూ నాదే. ఆ సాయంత్రం కాల్‌లో మల్లేశం గారు నా తరఫున క్షమాపణ చెబుతుంటే నేను పక్కన కూర్చుని, ఉద్యోగం పోతే హెచ్‌-వన్ వీసా మీద ఈ దేశంలో ఉండనిచ్చేది అరవై రోజులే కదా అని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

మర్నాడు ఆయన నా డెస్కు దగ్గరికి వచ్చారు. తిట్లకు సిద్ధమై లేచి నిలబడ్డాను.

"సుధా, శనివారం ఖాళీగున్నవా?"

"ఖాళీనే సార్."

"మోకాళ్ళు మంచిగున్నయా? నడుస్తవా?"

బాగానే ఉన్నాయన్నాను. ఆయన అడ్రస్ మెసేజ్ చేసి వెళ్ళిపోయారు. ఉద్యోగం నుంచి తీసేసే పద్ధతుల్లో ఇదేదో కొత్తదేమోనని నాకు రెండు రాత్రులు నిద్ర లేదు.

ఊరికి తూర్పున గంట ప్రయాణం. ఎకరమున్నర స్థలంలో ఇల్లు, ఇంటి వెనక గడ్డి మైదానం, ఆ చివర చిన్న కుంట. వాళ్ళావిడ లక్ష్మక్క తలుపు తీసి, నా మొహం చూసి నవ్వి, "భయపడకు, ముందుగాల చాయ్ తాగు" అని సకినాలు ముందు పెట్టింది. ఆవిడ వెనకాల నల్లటి లాబ్రడార్ పిల్ల వచ్చి నా చెప్పుల్ని శ్రద్ధగా వాసన చూసింది. ఏడాదిన్నర వయసుంటుంది, ఛాతీ మీద రూపాయంత తెల్లమచ్చ. పేరేమిటని అడిగితే లక్ష్మక్క చెవి దగ్గరికి వంగి గుసగుసగా, "చుక్క" అంది. ఈ రహస్యమేమిటా అనుకున్నాను. ఆ ఇంట్లో కుక్కను పేరు పెట్టి పిలవరని తర్వాత తెలిసింది. ఇంట్లో అది నల్లపిల్ల. చుక్క అన్న పేరు మైదానంలో, అదీ ఒకే ఒక్క సందర్భంలో వాడే మాట. అది వినబడిందంటే ఇక పరుగెత్తి తెమ్మని అర్థం.

పని ఏమిటంటే, నేను అరవై గజాల దూరంలో నిలబడి ఉత్త పిస్తోలు పేల్చి డమ్మీని గాల్లోకి విసరాలి. మల్లేశం గారి ఎడమ పక్కన చుక్క కూర్చుని ఉంటుంది. దాని మెడపట్టీలోంచి ఒక తాడు, ఆ తాడు కొస ఆయన బూటు కింద. పేల్చాను, విసిరాను, అది ఠప్పున గడ్డిలో పడింది. కుక్క రాలేదు. నేను చెయ్యి ఊపాను.

"సార్, పడింది! పంపండి!"

"పంప. నువ్వే తీస్కరా."

తీసుకొచ్చాను. మళ్ళీ విసిరాను, మళ్ళీ నేనే తెచ్చాను. నాలుగోసారికి నా సల్వారు మోకాళ్ళ దాకా తడిసింది. ఐదోసారి డమ్మీ కుంటలో పడితే, చంకల దాకా వచ్చే రబ్బరు ప్యాంటు ఒకటి నా మీద పడేసి, నీళ్ళలోకి దిగమన్నారు. అది ఆయన కొలతది, నాలాంటి వాళ్ళు ఇద్దరు పడతారు. చుక్క అక్కడే కూర్చుని, ఇంత పెద్ద మనిషి ఇంత చిన్న పనికి ఇంత కష్టపడుతోందేమిటా అన్నట్టు తల పక్కకు వంచి నన్ను చూసింది. ఆ రోజు పదింటిలో మూడే మూడుసార్లు ఆయన దాని పేరు పలికారు. ఆ మూడుసార్లూ అది బాణంలా వెళ్ళి ముచ్చటగా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"పదిట్ల మూడు ఆమెవి. ఏడు నీవి" అన్నారు మల్లేశం గారు.

"తెచ్చే కుక్కను పెట్టుకుని నేను తేవడమేంటండీ?" అన్నాను, రొప్పుతూ.

"తెచ్చుడు గీమెకు పుట్టుకతోనే వచ్చు, బిడ్డా. ఎవ్వలు నేర్పనక్కరలే. తేకుండ ఉండుడే నేర్పాలె."

నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఆ నాలుగు నిమిషాల మెయిల్‌కి ఇది శిక్షా, పాఠమా అని మొహం మీదే అడిగేశాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "పాఠం లేదు, గీఠం లేదు. ఇన్ని దినాలు విసిరిపెట్టిన పిల్లగాడు డెన్వర్‌కు ఉద్యోగం మారిండు. నా మోకాళ్ళు పోయినయ్. ఆఫీసుల నీ అంత జల్ది నడిచేటోళ్ళు లేరు" అన్నారు. అది పూర్తిగా నిజమని నేను ఇప్పటికీ నమ్మను. పూర్తిగా అబద్ధమని కూడా అనుకోను. ఆఫీసులో ఎట్లాగైనా పిలువు గానీ ఈ గడ్డిలో మాత్రం సార్ వద్దు, అన్నా అను అని కూడా అదే రోజు చెప్పారు. ఆయన మాత్రం నన్ను బిడ్డా అనే పిలిచేవారు.

మొదట ఉద్యోగ భయంతో వెళ్ళిన నేను తర్వాత కుతూహలం కొద్దీ వెళ్ళసాగాను. నా కుతూహలమంతా ఆ కూర్చోవడం మీదే. ఊరికే కూర్చున్న కుక్క వేరు, ఇది వేరు. డమ్మీ గాల్లోకి లేచినప్పుడు చుక్క ఒంట్లో జరిగేదంతా చూస్తే ఒక యంత్రం మోత వినబడుతున్నట్టే ఉండేది. కానీ కదిలేది కాదు. లోపల ఏమవుతోంది? దానికి అది బాధా, ఆనందమా? ఒకసారి పిస్తోలు పని ఆయనకు అప్పజెప్పి నేను దాని పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, పక్కటెముకల మీద చెయ్యి వేసి చూశాను. గుండె నా గుండె కంటే వేగంగా కొట్టుకుంటోంది. సన్నగా వణుకుతోంది. అయినా కూర్చునే ఉంది. భయపడి కూర్చుంటే ఒళ్ళు ముడుచుకుంటుంది కదా, ఇది ముడుచుకోలేదు. ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూస్తోంది.

"ఏం జూసినవ్?" అన్నారు మల్లేశం అన్న వచ్చి.

"వణుకుతోందన్నా. పాపం అనిపించింది."

"పాపం ఎందుకు? నువ్వు సినిమా టికెట్ చేతుల పట్టుకొని గేటు కాడ నిలబడ్తవ్ సూడు, గట్లాంటిది. దొరుకుతదని తెల్సు ఆమెకు. అందుకే కూసుంటది." దాని చెవులు చూపించి మళ్ళీ అన్నారు. "కుక్క కాళ్ళతోని ఉరకదు. ముందుగాల చెవులు ఉరుకుతయ్. తర్వాత మూతి మూసుకుంటది, ఊపిరి ఆపుతది. తర్వాత బరువు ముంగటి కాళ్ళ మీదికి వస్తది. గా బరువు పడకముందే నువ్వు జూడాలె. పడ్డంక తాడు గుంజితే ఏం ఫాయిదా?"

అప్పటినుంచి నాకు అదే పని. చెవులు, మూతి, ముంగటి కాళ్ళు. కొన్ని వారాలకు ఆఫీసు మీటింగుల్లో కూడా మనుషుల్ని అలాగే చూడడం మొదలుపెట్టాను. ఎవరు ఊపిరి బిగించారో, ఎవరు కుర్చీ అంచుకు జరిగారో ఇట్టే పట్టేసేదాన్ని. నా సంగతి మాత్రం నాకు కనబడేది కాదు.

ఎందుకు వేటాడతారని ఆయన్ని చాలాసార్లు అడిగాను. నేను కోడి, మేక తినే మనిషినే, నాకు నీతులు చెప్పే హక్కు లేదు. ఊరికే తెలుసుకోవాలని. ఒకసారి పక్కింటి ముసలాయన నేర్పాడన్నారు. ఇంకోసారి పొద్దున పూట నీళ్ళ మీద ఉండడం ఇష్టమన్నారు. మూడోసారి కాస్త విసుక్కుని, "చంపనీకి పోను అంటె అబద్ధమైతది. చంపుత, వండిచ్చుకుంట, తింట. కానీ నేను సూసేది పక్షిని కాదు బిడ్డా, గీమెను" అని చుక్క నెత్తి మీద చెయ్యి వేశారు.

అక్టోబరులో ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చి స్టెంట్ వేశారు. కోలుకునేదాకా చుక్కను చూసుకోవడం లక్ష్మక్క వల్ల కాదు. పది రోజులు నా దగ్గర ఉంచుకోమని ఫోన్‌లో ఆయనే అడిగారు. గొంతు నీరసంగా ఉన్నా జాగ్రత్తలన్నీ వరసగా చెప్పారు. "రెండు పూటలు తాడు పట్టి తిప్పు. తిండి సంచిల ఉన్నది. ఏదీ విసరకు. ఒక్కటి గూడ విసరకు."

నేను విసరలేదు. ఆ మాట ఒట్టేసి చెబుతాను. కానీ మా అపార్ట్‌మెంట్ల వెనక ఖాళీ పార్కింగ్‌లో రోజూ సాయంత్రం మనవాళ్ళు క్రికెట్ ఆడతారు. మొదటి రోజు చుక్కను తిప్పుతూ అటు వెళ్ళాను. బ్యాటుకు బంతి ఠప్పున తగిలింది, బంతి గాల్లోకి లేచింది, నా చేతిలోంచి తాడు జారింది. చుక్క ఎగిరి ఒకే అంగలో బంతిని నోట పట్టింది. గ్రౌండంతా గోల. కెప్టెన్ ప్రదీప్ పరుగెత్తుకొచ్చి, "సుధా గారూ, ఏం క్యాచ్ అండీ బాబూ! దీన్ని మా టీమ్‌కి ఇచ్చేయండి, బౌండరీ దగ్గర పెట్టేస్తాం. పేరేంటి?" అన్నాడు.

నేను పేరు చెప్పాను. ఎంత గర్వంగా చెప్పానో ఇప్పటికీ గుర్తుంది.

పది రోజులు పది మ్యాచ్‌లు. బ్యాటు చప్పుడవగానే ఇరవై గొంతులు "చుక్కా!" అని అరిచేవి, అది దూసుకుపోయేది. పిల్లలు, ఆంటీలు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు, అందరూ కుర్చీలు వేసుకుని చూసేవారు. వాట్సాప్ గ్రూప్‌లో వీడియోలు, ఎమోజీల వాన. కుక్క ఇంత సంతోషంగా ఉంటే తప్పేముంది? నేను విసరలేదు కదా, వాళ్ళు కొట్టారు! ఈ వాదన నాకు అప్పట్లో చాలా బలంగా కనబడింది.

పదకొండో రోజు చుక్కను తీసుకెళ్ళాను. మల్లేశం అన్న సన్నబడ్డారు, గడ్డం తెల్లగా పెరిగింది. వరండాలో కుర్చీలో కూర్చునే, నన్ను ఒక్కసారి పేల్చి విసరమన్నారు. పిస్తోలు చప్పుడు పూర్తవకముందే చుక్క మైదానం మధ్యలో ఉంది. తాడు ఆయన బూటు కింది నుంచి లాక్కుపోయింది. ఆయన కేకెయ్యలేదు. అది డమ్మీ తెచ్చి తోక ఊపుతూ ఇస్తే తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎవలాడిన్రు?" అన్నారు మెల్లగా.

చెప్పాను. క్యాచ్ గురించి కూడా చెప్పాను. ఆయన లేచి లోపలికి వెళ్ళి పడుకున్నారు. తిట్టినా బాగుండేది. వంటింట్లో లక్ష్మక్క టీ పెడుతూ నా వైపు తిరక్కుండా చెప్పింది. "దీనికంటె ముందల ఒకటుండె. రాజు. చానా తెలివిగల్లది. ఒకనాడు బాతు పడంగనె ఇడ్వకుండనే దుమికింది. ఈయన రెండోది కొడుతున్నడు, కిందికి వస్తున్నదాన్ని. గుండు ముంగట్నె లేచింది రాజు. ఆడనే పోయింది." స్టవ్ కట్టేసింది. "మూడేండ్లు తుపాకి ముట్టలే. ఇది మంచిగ కూసుంటెనే పోత, లేకుంటె పోను అన్నడు. ఈ సీజనే ఆఖరిది, డాక్టర్ చెప్పిండు కద చల్ల నీళ్ళు వద్దని."

నాకు అప్పుడు అర్థమైంది, కూర్చోవడమంటే ఆ ఇంట్లో ఏమిటో. నేను ఒక కుక్కను క్రికెటర్‌ని చేయలేదు. దాని ప్రాణం మీదికి తెచ్చాను. సింకు దగ్గర నిలబడి ఏడ్చాను. లక్ష్మక్క టీ గ్లాసు నా చేతిలో పెట్టి, "ఏడ్సుడు కాదు, ఆయనను అడుగు ఏం చెయ్యాల్నో" అంది.

ఏం చెయ్యాలో ఆయనకు పక్క మీదే తోచిందట. వారం తర్వాత వాళ్ళిద్దరూ చుక్కతో సహా మా అపార్ట్‌మెంట్ల దగ్గర కారు దిగారు. లక్ష్మక్క చేతిలో ఒక మడత కుర్చీ. మల్లేశం అన్న దాన్ని క్రికెట్ బౌండరీ మీద వేయించుకుని, ఎడమ పక్కన చుక్కను కూర్చోబెట్టి, తాడు నా చేతికిచ్చారు. ప్రదీప్ దగ్గరికి వచ్చి తలొంచుకుని నిలబడ్డాడు.

"సారీ అంకుల్. మాకు నిజంగా తెలీదు. ఇక్కడ ఆడటం ఆపేస్తాం."

"ఆపుతరా? ఆపద్దు బాబూ, ఆడుండ్రి. గట్టిగ కొట్టుండ్రి. పేరు గూడ పిలువుండ్రి. నేను చెప్పేదాక ఈమె పోవద్దు, గంతే."

అలా మొదలైంది. వారానికి మూడు సాయంత్రాలు, మ్యాచ్‌కి పదహారు ఓవర్లు. మొదటి రోజు చుక్క ప్రతి బంతికీ లేచింది, ప్రతిసారీ నేను దాన్ని మళ్ళీ కూర్చోబెట్టాను, నా అరచెయ్యి తాడుతో కోసుకుపోయింది. ప్రేక్షకులకు అది క్రికెట్ కంటే ఆసక్తిగా ఉండేది. రెండో వారానికి పరుగులు లెక్కపెట్టడం మానేసి, చుక్క ఎన్ని బంతులు కూర్చుందో లెక్కపెట్టేవారు. మూడో వారంలో ఒకరోజు బంతి నేరుగా వచ్చి దాని ముంగటి కాళ్ళకు తగిలి ఆగింది. చుక్క చెవులు లేచాయి, మూతి మూసుకుంది. నేను ఊపిరి బిగించాను. అది బంతిని చూసింది, మల్లేశం అన్నను చూసింది, మళ్ళీ నోరు తెరిచి హాయిగా రొప్పడం మొదలుపెట్టింది. బ్యాట్స్‌మన్ కూడా చప్పట్లు కొట్టాడు. మల్లేశం అన్న లేచి, మోకాళ్ళు పట్టుకుని వంగి, ఆ బంతిని తానే తీసి బౌలర్‌కి విసిరారు. "పదిట్ల ఏడు" అన్నారు నా వైపు చూసి.

సీజన్ చివరి వారంలో, జనవరిలో ఒక పొద్దున, ఆయన నన్ను కూడా తీసుకెళ్ళారు. నీళ్ళలో ఆయన దిగకూడదు కాబట్టి సాయం కావాలి. ఒక చెరువు వంపులో, గట్టు మీద గడ్డి కట్టి చేసిన దాపు ఉంది, ముగ్గురు ఇరుక్కుని కూర్చునేంతది. ఆయన కుడివైపు, నేను ఎడమవైపు, మా మధ్య కాస్త ముందుగా చుక్క. ముందు తాడు విప్పేశారు. "ఒక్కటే రూలు. నేను చెప్పేదాక లేవద్దు. ఆమెకూ నీకూ అదే. చేతులు తొడల కింద పెట్టుకో" అన్నారు. నవ్వుతూ పెట్టుకున్నాను. వేళ్ళు గడ్డకట్టుకుపోతున్నాయి, అలా పెట్టుకుంటే వెచ్చగా కూడా ఉంది.

తెల్లవారాక అరగంటకు బాతులు వచ్చాయి. ముందు రెక్కల ఈల వినబడింది, తర్వాత నీళ్ళ మీద నీడలు. తుపాకి చప్పుడు పిస్తోలు చప్పుడు కాదు, అది ఛాతీలో తగులుతుంది. ఒక బాతు పడింది. నేను చుక్కను చూశాను. చెవులు లేచాయి. ఒళ్ళంతా వణికింది. కూర్చునే ఉంది. తాడు లేదు, పట్టుకున్న చెయ్యి లేదు, అయినా కూర్చునే ఉంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే పడిన బాతు ఇంకా చావలేదని గమనించాను. ఒక రెక్క ఈడ్చుకుంటూ రెల్లులోకి ఈదుకుపోతోంది. అది అందులోకి దూరితే ఇక దొరకదు, ఎక్కడో బాధపడుతూ చస్తుంది.

"అన్నా, పోతోంది! అదిగో!" అని లేచి నిలబడి చెయ్యి చాపాను.

నా చెవి పక్కన ఏ శబ్దమూ రాలేదు. అదే నాకు మొదట వింతగా అనిపించింది. తిరిగి చూస్తే ఆయన ఎడమవైపుకు, నా వైపుకు, పూర్తిగా తిరిగి ఉన్నారు. కిందుగా వస్తున్న ఇంకో జంట బాతుల వెంట తుపాకి తిప్పుతూ వచ్చి, నా తల దగ్గర ఆగిపోయారు. గొట్టం అప్పటికే ఆకాశంలోకి లేచి ఉంది. బాతులు మా మీదుగా వెళ్ళిపోయాయి.

ఆయన తుపాకిని మడత దగ్గర వంచి తెరిచి, గుండ్లు తీసి జేబులో వేసుకున్నారు. ఒక గుండు చేతిలోంచి జారి బురదలో పడింది. నేను అలాగే కూలబడ్డాను. చేతుల్ని మళ్ళీ తొడల కింద పెట్టుకున్నాను, అదేదో ఇప్పుడు పనికొస్తుందన్నట్టు. చుక్క ఇంకా కూర్చునే ఉంది, నీళ్ళ వైపు చూస్తూ.

అప్పుడు ఆయన, "పేరు పిలువు" అన్నారు.

నేను చుక్క వైపు వంగాను. "చుక్కా."

అది వెళ్ళి రెల్లులోంచి ఆ బాతును ప్రాణాలతోనే తెచ్చింది. ఆయన దాన్ని తీసుకుని క్షణంలో మెడ విరిచి బాధ లేకుండా చేశారు. ఇంటికి వస్తుంటే కారులో ఉండబట్టలేక, "తప్పంతా నాదేనన్నా. ఒక్క రూలు చెప్పారు, అదీ తప్పాను" అన్నాను.

"నీదే కాదు. ఒకటి పడ్డంక ఆగాలె. కుక్కను పంపాలె. నేను రెండోదానికి ఆశపడ్డ. రాజు అప్పుడు గూడ గిదే చేసిన." రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నారు. "ముగ్గురం పోయినం. ఒక్కతే కూసున్నది."

ఆ సాయంత్రం లక్ష్మక్క కొబ్బరి, ధనియాలు నూరి బాతు కూర వండింది, జొన్నరొట్టెలు చేసింది. పొద్దున జరిగింది ఆయన ఆవిడకు దాచలేదు. ఆవిడ నా తల మీద ఒకసారి చెయ్యి వేసి, ఇంకో రొట్టె వడ్డించింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ తుపాకి నింపలేదు. కానీ శనివారాలు మానలేదు. మూడేళ్ళపాటు నేను విసురుతూనే ఉన్నాను, నేను తెస్తూనే ఉన్నాను. వేట లేకపోయాక ఇంకెందుకని అడిగితే, "ఆమెకు ఇష్టం. నీకు గూడ" అనేవారు. అది నిజమే. నాలుగో ఏడు ఆయన గుండె ఆగిపోయింది. లక్ష్మక్క కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ చుక్కనూ, ఈ డమ్మీల సంచినీ నాకు అప్పజెప్పింది. ఆ రోజు ఏడ్చినంతగా నేను మా సొంతవాళ్ళ కోసం కూడా ఏడవలేదు. ఇప్పటికీ శనివారం పొద్దున మెలకువ రాగానే ఆయన లేరన్న సంగతి నాకు కొత్తగా గుర్తొస్తుంది.

ఇప్పుడు నేను కూడా ఒక టీమ్‌కి మేనేజర్ని. మెయిల్ చూసి ఒళ్ళు మండిన ప్రతిసారీ కుర్చీలో చేతులు తొడల కింద పెట్టుకుంటాను. వీడియో కాల్‌లో మా వాళ్ళు దాన్ని చలి అనుకుంటారు. పదిలో ఏడుసార్లు ఆగగలుగుతున్నాను. మూడుసార్లు లేస్తున్నాను. లేచిన ప్రతిసారీ నా చెవి పక్కన రావలసిన శబ్దం రాకపోవడం గుర్తొస్తుంది, నన్ను బతికించిన మనిషి తప్పు తన మీద వేసుకోవడం గుర్తొస్తుంది.

నిన్న బియ్యం ఇంట్లో పడేసి, డమ్మీలు బాల్కనీలో ఆరేసి, చుక్కను కిందికి తీసుకెళ్ళాను. దానికి పదేళ్ళు వచ్చాయి, మూతి తెల్లబడింది, వెనక కాళ్ళు నెమ్మదించాయి. వాన వెలిసిందని కొత్త కుర్రాళ్ళు అప్పుడే వికెట్లు పాతారు. వాళ్ళెవరికీ దీని పాత వైభవం తెలియదు. బౌండరీ దగ్గర కూర్చున్నాం. బ్యాటు ఠప్పుమంది, బంతి నీళ్ళు చిమ్ముకుంటూ మా వైపే వచ్చింది. "అక్కా, బాల్ ప్లీజ్!" అని ఎవరో అరిచారు. నా మోకాళ్ళు అప్పటికే సగం లేచాయి. పక్కకు చూశాను. చుక్క కూర్చునే ఉంది, చెవులు లేపి, నా మొహంలోకి చూస్తూ.

నేను మళ్ళీ కూర్చున్నాను. అప్పుడు దాని పేరు పిలిచాను.